కొత్త కారు మీటరులో 48 కిలోమీటర్లా?

నమస్కారం. డెలివరీ రోజున మీటరు 48 చూపిస్తే చాలు, "ఎవరో వాడిన కారు మాకు అంటగట్టారు" అంటూ షోరూములో గొడవకు దిగేవాళ్లను చూస్తూనే ఉన్నాను. ఆ 48 కోసం గంటసేపు వాదించినవాళ్లే ఇంటికి వెళ్లే దారిలో యాక్సిలరేటర్‌ను అడుగంటా తొక్కేస్తారు. నా బాధంతా అక్కడే.

ఆ 48 ఎక్కడివి? పెనుకొండలో తయారైన కియా కారు హైదరాబాదుకు 400 కిలోమీటర్లకు పైగా ప్రయాణిస్తుంది. ట్రైలర్ మీద వస్తుంది కాబట్టి ఆ దూరం మీటరులో పడదు. కర్మాగారంలో పరీక్ష, ట్రైలర్ ఎక్కించడం, దించడం, ఊరి బయటి స్టాక్‌యార్డు నుంచి షోరూముకు నడపడం, పడేవి ఇవే. యార్డు మేడ్చల్ వైపు, షోరూము ఎల్బీనగర్‌లో ఉంటే ఆ ఒక్క ప్రయాణానికే నలభై దాకా అవుతాయి.

ఇక ఇంజిన్ సంగతి. కొత్త రుబ్బురోలు తెచ్చిన రోజే అందులో ఇడ్లీ పిండి రుబ్బరు. ముందు తవుడో నూకలో వేసి, రెండు మూడుసార్లు రుబ్బి పారబోస్తారు. రోలుకూ పొత్రానికీ పొత్తు కుదరాలి. ఇంజిన్‌లో సిలిండరే రోలు, అందులో పైకీ కిందకీ ఆడే పిస్టన్ చుట్టూ ఉండే రింగులే పొత్రం. సిలిండరు లోపలి గోడ మీద కావాలనే అడ్డంగా, ఏటవాలుగా సన్నని గీతలు గీస్తారు. దాన్ని హోనింగ్ అంటారు. రోలుకు కక్కు కొట్టినట్టే! ఆ గీతల్లో ఆయిల్ నిలుస్తుంది. వాటి అంచుల గరుకు రాపిడికి అరిగి, రింగు గోడకు చక్కగా అతుక్కుంటుంది.

అయితే కొందరు చెప్పినట్టు కొత్త కారును 40 వేగం దాటకుండా నడపాలా? ఈ సలహాను నేను ఒప్పుకోను. పొత్రాన్ని గాలిలో తిప్పితే పప్పు నలుగుతుందా? బరువు పడాలి. మండిన వాయువు రింగు వెనక్కి చేరి, దాన్ని గోడకేసి అదుముతుంది. కాలు మరీ తేలిగ్గా పెడితే ఆ ఒత్తిడి చాలదు. గోడ మీద ఆయిల్ కాలి నున్నటి పొర కట్టవచ్చు. అది కక్కు అరిగిన రోలు, ఇంజిన్ ఇక ఆయిల్ తాగుతూనే ఉంటుంది. అలాగని అడుగంటా తొక్కితే వేడి పెరిగి గోడ గీసుకుపోవచ్చు. ఇంజిన్ వేడెక్కాక మధ్యస్థంగా తొక్కండి, వదలండి, మళ్లీ తొక్కండి. హైవే మీద ఒకే వేగంతో గంటలకొద్దీ పోవద్దు. ఇప్పటి ఇంజిన్లకు పాతవాటంత జాగ్రత్త అక్కరలేదు కానీ, చాలా మాన్యువళ్లు తొలి 1000 కిలోమీటర్ల దాకా నెమ్మది అంటాయి. మీ కారు పుస్తకం చెప్పిందే పాటించండి.

సమయం అయిపోతోంది, మిగతావి త్వరగా. తొలి 300 కిలోమీటర్లు అత్యవసరమైతే తప్ప బ్రేకులు గట్టిగా వేయకండి. కొత్త టైర్లు వానలో జారతాయి. ఆయిల్ మట్టం వారానికోసారి చూడండి. విద్యుత్ కారులో రోలూ పొత్రమూ ఉండవు, బ్రేకులకూ టైర్లకూ మాత్రం ఇదే జాగ్రత్త. మీటరులో 150, 200 కనిపిస్తే తప్పకుండా అడగండి: టెస్ట్ డ్రైవ్ బండా, వేరే ఊరి నుంచి నడిపి తెచ్చారా? ఆ ప్రశ్న రిజిస్ట్రేషన్‌కు ముందే వేయాలి.