రాజు మెడ మీద ఇంకో రాజు తల

మిత్రులారా, నమస్కారం.

ఈ బల్ల మీదున్న పెద్ద వెండి నాణేన్ని చూడండి. బొమ్మ వైపు స్పెయిన్ రాజు నాలుగవ చార్లెస్. ఆయన మెడ మీద కోడిగుడ్డు ఆకారపు చిన్న గుంటలో ఇంగ్లండు రాజు మూడవ జార్జి తల. ఇది అసలుదా, దొంగదా అని అడిగితే నేను రెండు జవాబులు చెప్పాలి. ఒకటి నాణెం గురించి, రెండోది దాని మీద తర్వాత కొట్టిన అధికార ముద్ర గురించి. ఆ రెండో ముద్రను మలిముద్ర అందాం. ఈ రెండు ప్రశ్నలనూ కలిపేయడం వల్లనే అనుభవం ఉన్నవారు కూడా పొరబడుతున్నారు.

1797 ఫిబ్రవరి చివరలో బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండు తన నోట్లకు బంగారం ఇవ్వడం ఆపేసింది. జనం చేతిలో వెండి నాణేలు చాలలేదు. బ్యాంకు దగ్గర స్పెయిన్ డాలర్లు, అంటే ఎనిమిది రియాళ్ల నాణేలు, నిల్వ ఉన్నాయి. వెండి సామాను మీద సుంకం చెల్లినట్టు కొట్టే జార్జి తల ముద్రనే వాటి మీద కొట్టి, 4 షిల్లింగుల 9 పెన్సుల విలువకు చలామణీలోకి వదిలారు. బజారులో వెండి ధర అంతకంటే దిగినప్పుడు మోసగాళ్లకు దారి దొరికింది. ముద్ర లేని డాలరును చవకగా కొని, సొంతంగా చెక్కుకున్న జార్జి తలను కొడితే చాలు, ఆ తేడా అంతా లాభమే. అంటే వెండి నిజం, ముద్ర అబద్ధం. ఇంకొందరు రాగి మీద వెండి పొర కప్పి డాలరునే సృష్టించి, దాని మీద దొంగ తల కొట్టారు. 1804 జనవరిలో ముద్రను ఎనిమిది కోణాలకు మార్చారు. దానికీ నకళ్లు వచ్చాయి. చివరికి అదే ఏడాది బర్మింగ్‌హామ్ దగ్గరి సోహోలో మాథ్యూ బౌల్టన్ యంత్రాల మీద డాలర్ల రెండు వైపులా కొత్త అచ్చు వేయించి, 5 షిల్లింగుల నాణేలుగా విడుదల చేశారు. వాటిలో కొన్నింటి మీద కొత్త బొమ్మ కింద పాత స్పెయిన్ అక్షరాలు నీడలా మిగిలి ఉంటాయి. చాలామంది దాన్ని లోపం అనుకుంటారు. నా దృష్టిలో అది ఆ నాణేనికి మంచి సాక్ష్యం.

పరీక్షకు వద్దాం. నేను మొదట చూసేది రాజు ముఖాన్ని కాదు, అంచును. ఈ డాలర్ల అంచు మీద ఒక వలయం, ఒక దీర్ఘచతురస్రం, మళ్లీ వలయం, ఇలా గొలుసులా సాగుతుంది. నాణేన్ని రెండు పట్టాల మధ్య దొర్లించి ఆ నమూనా వేసేవారు. అందువల్ల ఎదురెదురుగా రెండు చోట్ల అది ఒకదాని మీద ఒకటి ఎక్కినట్టు కనిపిస్తుంది. పోత పోసిన నకలు అంచు మీద సన్నని అతుకు గీత కనిపించవచ్చు, లేదా ఆ గీతను రాసేసిన ఆకురాయి గుర్తులు ఉండవచ్చు.

తర్వాత తూకం. కొత్తగా అచ్చయినప్పుడు ఈ నాణెం సుమారు 27 గ్రాములు. అరిగితే కొంత తగ్గుతుంది. తూకం ఒక్కటే చాలదు, నీటిలో వేలాడదీసి మళ్లీ తూచాలి. సుమారు 90 శాతం వెండి ఉన్న 27 గ్రాముల నాణెం నీటిలో 2.6 గ్రాముల బరువు కోల్పోతుంది. రాగి అయితే 3 గ్రాములు. ఈ పరీక్షలో నాణెం మీద ఒక్క గీత కూడా పడదు. దయచేసి ఆకురాయి పట్టకండి, ఆమ్లం చుక్క వేయకండి. రెండు వందల ఏళ్లు నిలిచిన పైపొర ఒకసారి పోతే తిరిగి రాదు.

ఇక మలిముద్ర. ముద్రను సుత్తి దెబ్బతో కొడతారు కాబట్టి సరిగ్గా దాని వెనుక, బొరుసు వైపు, లోహం కొంత చదునవుతుంది. ముద్ర చుట్టూ ఉన్న గీతలు పక్కకు ఒరుగుతాయి. ముద్రతో సహా పోత పోసిన నకలులో ఇవి సహజంగా ఉండవు. ముద్ర నాణెం కంటే ఎక్కువ అరిగి కనిపించినా నేను అనుమానిస్తాను. గుంటలో ఉన్న ముద్ర చుట్టూ ఉన్న ఉపరితలం కంటే ముందు అరగడం కష్టం.

తేదీలు కూడా మాట్లాడతాయి. 1655లో రష్యా ఐరోపా థాలర్ల మీద, అంటే పెద్ద వెండి నాణేల మీద, గుర్రపు రౌతు ముద్ర, ఆ సంవత్సరపు అంకెలు కొట్టి 64 కోపెక్కులకు చెల్లించింది. ఆ ముద్ర 1660 నాటి థాలరు మీద కనిపిస్తే ఇక చర్చ అక్కరలేదు. అయితే తొందరపాటూ పనికిరాదు. స్పెయిన్ రాజు మూడవ చార్లెస్ 1788 డిసెంబరులో మరణించాడు. కొత్త అచ్చు వచ్చే వరకు స్పెయిన్ పాలనలోని మెక్సికో టంకశాల కొడుకు నాలుగవ చార్లెస్ పేరుతో, తండ్రి ముఖంతోనే నాణేలు కొట్టింది. 1789 నాటి అలాంటి నాణేన్ని దొంగదని పక్కన పడేస్తే మంచి నాణెం పోగొట్టుకున్నట్టే.

ప్రభుత్వ గుర్తు ప్రతిసారీ ఆమోదమే కానక్కరలేదు. క్రీస్తు పూర్వం 375 ప్రాంతంలో ఏథెన్సు చేసిన చట్టం రాతి శాసనంగా దొరికింది. బజారులో కూర్చునే పరీక్షకుడు ఒక ప్రభుత్వ బానిస. లోపల రాగో సీసమో ఉన్న నాణెం వస్తే అతడు అక్కడికక్కడే దాన్ని అడ్డంగా నరికి దేవతల తల్లికి సమర్పించాలి. ఆ పరీక్షకుడు పనిలోకి హాజరు కాకపోతే అతనికి 50 కొరడా దెబ్బలు. అయినా నరుకు ఉన్న ప్రతి ఏథెన్సు నాణెమూ దొంగది కాదు. లోపల ఏముందో చూడటానికి మంచి వెండినీ నరికిన వ్యాపారులు ఉన్నారు. కాబట్టి భూతద్దంతో ఆ నరుకు లోపలికి చూడాలి. అడుగు వరకు వెండే ఉందా, రాగి కనిపిస్తోందా?

ఈ పళ్లెంలో ఆరు నాణేలున్నాయి. భూతద్దం తీసుకుని ఒక్కొక్కరుగా రండి. అంచులు పట్టుకుని ఎత్తండి, ముందుగా బొరుసు వైపు తిప్పండి.