ఎండాకాలంలో కుందేళ్లు, గినీ పిగ్‌లు, లవ్ బర్డ్స్: ఫ్యాన్ ఒక్కటే సరిపోదు

[దృశ్యం: తిరుగుతున్న ఫ్యాన్. కింద బోనులో కుందేలు, ముక్కుపుటాలు టపటపా ఆడుతున్నాయి]

"పొద్దస్తమానం ఫ్యాన్ వేసే ఉంచామండీ, అయినా కుందేలు రొప్పుతోంది." ఏప్రిల్ వచ్చిందంటే హైదరాబాద్‌లో కుందేళ్లు పెంచేవాళ్ల నోట ఈ మాటే.

ఫ్యాన్ గాలిని చల్లబరచదు. మన చెమటను ఆరబెడుతుంది, అందుకే మనకు హాయి. కుందేలుకు చెమట పట్టదు. గదిలో 38 డిగ్రీలుంటే ఫ్యాన్ దాని మీదికి తోసేది ఆ 38 డిగ్రీల గాలినే. 30 దగ్గరపడితేనే కుందేలుకూ గినీ పిగ్‌కూ ఇబ్బంది మొదలు.

[దృశ్యం: కుందేలు చెవి, వెలుతురులో కనిపిస్తున్న ఎర్రటి నరాలు]

చెవులు చూడండి. కుందేలు ఒంట్లో వేడి బయటికి పోయే ప్రధాన దారి ఇదే. మధ్యాహ్నం పూట గుడ్డ తడిపి, పిండి, చెవుల వెనకవైపు మెల్లగా తుడవండి. ఇప్పుడు ఫ్యాన్‌కూ కాస్త పని దొరుకుతుంది. చెవి లోపలికి మాత్రం నీళ్లు పోనివ్వకండి.

ఒంటికి తగిలే చల్లదనం ఇంకా మేలు. లీటరు బాటిల్‌లో ముప్పావు వంతు నీళ్లు పోసి ఫ్రీజర్‌లో పెట్టండి. గడ్డకట్టాక పాత తువ్వాలు చుట్టి బోనులో ఓ పక్కన పడుకోబెట్టండి. కావాలంటే ఆనుకుంటుంది, వద్దంటే జరిగిపోతుంది, ఆ జాగా ఉండాలి. పాత ఇళ్లవాళ్లకైతే షాబాద్ బండల నేల ఉండనే ఉంది. టైల్స్ ఇళ్లవాళ్లు బండల దుకాణంలో ఒక ముక్క అడిగి తెచ్చుకోండి.

[దృశ్యం: అడ్డంగా పెట్టిన మట్టికుండ, పైన నీళ్లు చిలకరిస్తున్న చెయ్యి, లోపల గినీ పిగ్]

నాకు అన్నిటికన్నా నచ్చింది ఇది. వెడల్పు మూతి మట్టికుండను అడ్డంగా, దొర్లకుండా పెట్టి పైన తడపండి. మట్టి పీల్చిన తడి ఆవిరవుతూ కుండ వేడిని లాక్కుపోతుంది. రంజన్‌లో నీళ్లు చల్లబడేదీ ఇలాగే. కూలర్‌దీ ఇదే లెక్క, అందుకే కిటికీ తీసి ఉంచాలి. తొలకరి పడి గాలిలో తేమ పెరిగాక కుండా, కూలరూ రెండూ నీరసపడతాయి. అప్పుడు మళ్లీ ఐసు బాటిలే దిక్కు. పరుపు గడ్డి తడిస్తే వెంటనే మార్చండి. తడికీ మురికికీ ఈగలు ముసురుతాయి, కుందేలు వెనక భాగంలో గుడ్లు పెడితే పురుగులు పడి ప్రాణం మీదికొస్తుంది.

పై అంతస్తు వాళ్లు రాత్రి కూడా జాగ్రత్త. పగలంతా కాగిన స్లాబు చీకటి పడ్డాకే వేడిని లోపలికి వదులుతుంది. రేకుల షెడ్డు, పడమటి బాల్కనీ, రెండూ వద్దు. హామ్‌స్టర్ ఉన్న గాజు తొట్టి మీద కాసేపు ఎండ పడ్డా చాలు, లోపల ఉడికిపోతుంది.

లవ్ బర్డ్స్ ముక్కు తెరిచి, రెక్కలు ఒంటికి ఎడంగా పెట్టాయంటే వేడికి తాళలేకపోతున్నట్టే. లోతులేని పళ్లెంలో నీళ్లు పెట్టండి, అవే జలకాలాడతాయి. (మాటల్లో మాట, రామచిలుకను పంజరంలో పెంచడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం.)

నీళ్ల బాటిల్ గొట్టం చివరి గోళీని రోజూ వేలితో నొక్కి చూడండి. అది ఇరుక్కుంటే సీసా నిండుగానే కనబడుతుంది, లోపలి ప్రాణికి చుక్క అందదు. పక్కనే బరువైన గిన్నె ఒకటి ఉంచండి.

[దృశ్యం: పక్కకు ఒరిగి పడుకున్న కుందేలు బొమ్మ]

మూతి దగ్గర చొంగ, కాలుతున్న చెవులు, తూలే నడక: ఇది వడదెబ్బ. ఐసు నీళ్లలో ముంచకండి. చర్మంలో రక్తనాళాలు ముడుచుకుని వేడి లోపలే చిక్కుకుంటుంది. మామూలు నీళ్లతో చెవులూ పాదాలూ తడపండి, నోట్లో బలవంతంగా పోయకండి. డాక్టర్‌కు ముందే ఫోన్ చేసి, కుందేళ్లను చూస్తారో లేదో కనుక్కోండి, కుక్కలూ పిల్లులే చూసే క్లినిక్‌లు చాలా ఉన్నాయి. కారులో వెళ్తే ముందు ఏసీ వేసి లోపల చల్లబడ్డాకే పెట్టె ఎక్కించండి. ఆటో అయితే తువ్వాలు చుట్టిన ఐసు బాటిల్ పెట్టెలోనే పెట్టి బయల్దేరండి.