ప్రాణహిత ఒడ్డున పాత బొక్కలు

శ్రోతలకు నమస్కారం.

వరంగల్‌లో ఉండి శిలాజాలు వెతకాలని సరదా పుట్టినవాళ్లకు ముందే ఒక చేదు మాట చెప్పేస్తాను. పద్మాక్షి గుట్ట ఎక్కండి, ఖిలా వరంగల్ ఏకశిల చుట్టూ తిరగండి, హనుమకొండ బండలన్నీ గాలించండి. ఒక్కటి కూడా దొరకదు. ఇదంతా గ్రానైటు. భూమి లోపల కరిగిన పదార్థం మెల్లగా చల్లారి గడ్డకట్టిన రాయి. వయసేమో దాదాపు 250 కోట్ల ఏళ్లు. అప్పటికి భూమ్మీద చేపా లేదు, చెట్టూ లేదు. బురదో ఇసుకో పొరలు పొరలుగా పేరుకొని రాయైన చోటికి పోతేనే మనకు పని. అది దూరమేమీ కాదు. భూపాలపల్లి బస్సెక్కినా, మంచిర్యాల రైలెక్కినా అలాంటి రాళ్ల నేల మీదే దిగుతాం.

దీన్ని ప్రాణహిత-గోదావరి లోయ అంటారు. కోట్ల ఏళ్ల పాటు నేల కుంగుతూ పోయింది, నదులు నింపుతూ పోయాయి. ఆ పొరలకు పేర్లు ఎక్కడివనుకున్నారు? ఎర్రపల్లి, భీమారం, మలేరి, ధర్మారం, కోట. కోట ఒక్కటి ప్రాణహిత అవతల, మహారాష్ట్రలో ఉంది. మిగతావన్నీ మన పల్లెలే. ఎక్కడో విదేశాల్లో చదువుకునే జియాలజీ విద్యార్థులు ఈ పేర్లు నోరు తిరగక అవస్థ పడుతుంటారు.

అన్నిటికన్నా సులువుగా చూడగలిగే శిలాజం ఆకు. సింగరేణిలో పనిచేసే చుట్టాలుంటే అడిగి చూడండి. బొగ్గు పొరకు పైనా కిందా నల్లటి షేల్ రాయి ఉంటుంది. దాన్ని పలకలుగా విప్పితే ఒక్కోసారి మామిడాకంత పొడవున్న ఆకు అచ్చు బయటపడుతుంది. నడుమ గట్టి ఈనె, దానికి రెండు వైపులా వలలా అల్లుకున్న సన్నని ఈనెలు. పేరు గ్లోసోప్టెరిస్. మన బొగ్గులో ఎక్కువ భాగం ఆ చెట్ల అడవే. 25 కోట్ల ఏళ్ల పైబడ్డ ఆకు అది. 1912లో దక్షిణ ధ్రువం నుంచి తిరిగి వస్తూ మంచులో ప్రాణాలు విడిచిన కెప్టెన్ స్కాట్ బృందం ఆకలితో, చలితో కాళ్లీడుస్తూ కూడా సుమారు 16 కిలోల రాళ్లు పారేయకుండా మోసుకొచ్చింది. ఆ రాళ్లలో ఉన్నదీ ఈ గ్లోసోప్టెరిస్సే. మన దేశం, అంటార్కిటికా, ఆఫ్రికా, ఆస్ట్రేలియా ఒకప్పుడు ఒకే నేల అనడానికి సాక్ష్యాల్లో ఈ ఆకు ఒకటి. కానీ దానికోసమని ఓపెన్‌కాస్ట్ మట్టి గుట్టలెక్కకండి. అనుమతి ఉండదు, పైగా కాలు జారితే కిందికి వచ్చేది మీరొక్కరే కాదు, గుట్ట కూడా.

నాకైతే మలేరి ఎర్రమట్టి మీదే మనసు. ఆసిఫాబాద్ వైపు ఊరు. నాగపూర్‌లో మిషనరీగా ఉన్న స్టీఫెన్ హిస్లాప్ 19వ శతాబ్దం నడిమిలో ఈ ప్రాంతపు శిలాజాలు సేకరించాడు. ఆయన ఉద్యోగం మతప్రచారం, చదువు చెప్పడం. రాళ్లు ఏరడం సరదా. అంటే మన లోయలో ఈ పని మొదట్లో చేసినవాళ్లలో ఒకడు సరదారాయుడన్నమాట. మొసలిలాంటి ఒక పాత జంతువుకు ఆయన పేరు మీదే పారాసుకస్ హిస్లాపి అని పేరు పెట్టారు. అదే మట్టిలో హైపెరోడపెడాన్ అనే జంతువు దవడలు దొరుకుతాయి. దాని ముక్కు కొక్కెంలా వంగి ఉండేది. పై దవడలో పళ్లు ఒకే వరుసగా కాకుండా, పలక మీద గుచ్చినట్టు వరుసలు వరుసలుగా ఉంటాయి. ఊపిరితిత్తుల చేప పళ్లూ ఉంటాయి, గట్లు గట్లుగా. ఇంకా పేడ. నవ్వకండి, రాయిగా మారిన పేడకు శాస్త్రంలో మంచి గౌరవమే ఉంది. ఆ జంతువు ఏం తిన్నదో దాన్ని చూసే చెప్తారు.

వెతకడానికి మంచి అదను వానలు వెలిసిన తర్వాత. వాన ఎర్రమట్టిని కడిగేస్తుంది, వాగు గట్లు కొత్తగా తెగుతాయి, గట్టి ముక్కలు పైకి తేలతాయి. సుత్తె తర్వాత సంగతి, ముందు వంగి నడవాలి. రాయా, బొక్కా, అంటే ఎముకా అని సందేహం వస్తే పాతకాలం జియాలజిస్టులు ఒక చిట్కా వాడేవారు. నాలుకకు ఆనిస్తారు. బొక్కలో సన్నని రంధ్రాలుంటాయి కాబట్టి తడిని పీల్చి నాలుకకు అతుక్కుంటుంది. మామూలు రాయి అతుక్కోదు. ఇంట్లోవాళ్ల ముందు ఈ పరీక్ష చేయకపోవడం మంచిది. పేడ సంగతి ఇందాకే చెప్పాను కదా, అదీ గుర్తుంచుకోండి.

మోసం చేసే రాళ్లూ ఉన్నాయి. రాతి పగులులో నల్లగా, నాచు కొమ్మలా, ముట్టుకుంటే విరిగేంత నాజూకుగా కనిపించే బొమ్మలు చూసే ఉంటారు. చాలామంది శిలాజమని బీరువాలో దాచుకుంటారు. అది మాంగనీసు. నీటితో పాటు పగుళ్లలోకి దిగి, గడ్డకట్టి, అలా కొమ్మలు చాచిందంతే. ఈనె కోసం చూడండి. ఆకైతే ఈనె ఉంటుంది. నిజమైన శిలాజం కొందరి పూజగదిలోనే ఉంటుంది, వాళ్లకు తెలియదు. గండకీ నది సాలగ్రామాల్లో చాలావరకు అమ్మోనైట్లు, అంటే ఒకప్పుడు సముద్రంలో తిరిగిన జీవుల గవ్వలు.

ఇక సేకరణ గురించి నా అభిప్రాయం నిర్మొహమాటంగా చెప్తాను. సంచి నింపుకొని రావడం నాకు నచ్చదు. ఏ ఊరి పొలిమేరలో, ఏ వాగు గట్టున, కింద నుంచి ఎన్నో పొరలో ఉందో రాసుకోని బొక్క, అల్మారాలో పెట్టాక రాయితో సమానం. ఫోటో తీయండి, పక్కన స్కేలో పెన్నో పెట్టి తీయండి. ఫోన్‌లో లొకేషన్ గుర్తు పెట్టుకోండి. చేను గట్టు మీదైతే ఆసామిని అడగండి. ప్రాణహిత అభయారణ్యంలోనైతే దేన్నీ కదపకండి. పెద్ద బొక్క మట్టిలోంచి తొంగిచూస్తుంటే లాగనే లాగొద్దు, లాగితే చేతిలో పొడి మిగులుతుంది. దాన్ని తీసేవాళ్లు కాగితం తడిపి చుట్టి, పైన ప్లాస్టర్ ఆఫ్ పారిస్ కట్టు వేసి, విరిగిన కాలిని మోసినంత జాగ్రత్తగా మోస్తారు. హైదరాబాద్ బండ్లగూడలో జియలాజికల్ సర్వే కార్యాలయం ఉంది, ఫోటోలతో వాళ్లకు రాయండి.

ఆ మోసుకుపోవడం ఎంత పనో తెలియాలంటే బారపాసారస్ అనే రాక్షసబల్లి సంగతి వినాలి. సిరోంచ దగ్గర పోచంపల్లిలో దొరికింది. చీరల పోచంపల్లి కాదు, నదికి అవతలిది. తవ్వినవాళ్లు కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు. లెక్కల సంస్థకు రాక్షసబల్లులతో ఏం పని అంటే, దాన్ని స్థాపించిన మహలనోబిస్‌కు అన్నిట్లోనూ ఆసక్తే. లండన్ నుంచి పమేలా రాబిన్సన్ అనే శాస్త్రవేత్తను పిలిపించాడు. పెద్ద పెద్ద చెట్ల మొద్దుల మధ్య సుమారు 300 బొక్కలు బయటపడ్డాయి. తొడ ఎముక ఒక్కటే మనిషంత పొడవు. 1961 టాగోర్ శతజయంతి ఏడాది కాబట్టి పేరులో టాగోరై అని చేర్చారు.

యామన్‌పల్లిలో దొరికిన మరో రాక్షసబల్లికి 1988లో శాస్త్రవేత్త యాదగిరి గారు కోటాసారస్ అని పేరు పెట్టారు. కనీసం 12 జంతువుల బొక్కలు ఒక్కచోటే. దాని అస్థిపంజరం హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్‌లో నిలబెట్టి ఉంది, పిల్లల్ని తీసుకెళ్లండి. తల దగ్గర మాత్రం ఆగి చూడండి. అది ఊహించి చేసిన తల. ఇన్ని బొక్కలు దొరికినా కోటాసారస్ పళ్లే దొరికాయి గానీ పుర్రె దొరకలేదు. బారపాసారస్‌దీ అదే కథ. ఈ జాతి జంతువుల పుర్రె ఎముకలు పల్చన, మెడకు వదులుగా అతుక్కొని ఉంటాయి. చచ్చాక ముందుగా ఊడి వరదలో కొట్టుకుపోయేది తలే. కాబట్టి ఆ వైపు వాగుల్లో తిరిగేటప్పుడు తొడ ఎముకల కోసం చూడకండి, అవి చాలానే ఉన్నాయి. అంచుల్లో పళ్లు గుచ్చి ఉన్న పల్చటి ముక్క కనబడితే అక్కడే నిలబడి ఫోటో తీయండి.

నమస్కారం.