కీమోలో కండ కరిగితే పౌడర్ డబ్బా సరిపోతుందా?

యాంకర్: కీమో మొదలై పేషెంట్ చిక్కిపోతుంటే ఇంట్లోవాళ్లు ముందు ప్రొటీన్ పౌడర్ కొంటారు. అది తప్పా డాక్టర్ గారూ?

ఆంకాలజిస్ట్: తప్పనను. కానీ తిండి చాలక చిక్కడం వేరు, ఇది వేరు. క్యాన్సర్ వల్ల ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్, అంటే వాపు లాంటి ప్రతిచర్య, పెరిగి కండ కరుగుతుంది. దానికి తోడు సిస్‌ప్లాటిన్, డాక్సోరూబిసిన్ లాంటి కీమో మందులు కండరాన్నే నేరుగా దెబ్బతీస్తాయి. అందుకే ఎంత తినిపించినా ఒక్కోసారి ఒంటికి పట్టదు.

యాంకర్: బరువు తగ్గలేదు కాబట్టి బాగానే ఉన్నాం అనుకునేవాళ్లు...

డైటీషియన్: అక్కడే మోసపోయేది! కాళ్లకు నీరు పట్టినా, కొవ్వు పెరిగినా కాటా మీద అంకె కదలదు. నేనైతే, కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేవగలుగుతున్నారా, సీసా మూత తిప్పగలుగుతున్నారా అని అడుగుతాను.

యాంకర్: మరి ప్రొటీన్ ఎంత కావాలి?

డైటీషియన్: యూరప్ పోషకాహార నిపుణుల సంస్థ ఎస్పెన్ చెప్పేది కిలో బరువుకు రోజుకు 1 గ్రాము పైన, వీలైతే 1.5 గ్రాముల దాకా. అంటే 60 కిలోల మనిషికి 60 నుంచి 90 గ్రాములు. నోరంతా పుండ్లు పడ్డవాళ్లు అంత ఎక్కడ తినగలరు? అలాంటప్పుడు పౌడర్ ఆదుకుంటుంది. కిడ్నీ సమస్య ఉంటే మాత్రం డాక్టర్‌ని అడక్కుండా మొదలుపెట్టొద్దు.

యాంకర్: చేపనూనె క్యాప్సూల్స్?

ఆంకాలజిస్ట్: కొన్ని పరిశోధనల్లో లాభం కనిపించింది, కొన్నింట్లో లేదు. నాకు టెన్షన్ దాని గురించి కాదు, చెప్పకుండా వేసుకునే మిగతా మాత్రల గురించి. గ్రీన్ టీ సారంలోని పదార్థం బోర్టెజోమిబ్ అనే క్యాన్సర్ మందును పని చేయనివ్వదని ల్యాబ్‌లో, ఎలుకల్లో తేలింది. 2020లో అమెరికాలో వచ్చిన రొమ్ము క్యాన్సర్ అధ్యయనంలో, కీమోకు ముందూ కీమోలోనూ బీ12 వాడినవాళ్లలో జబ్బు తిరగబెట్టడం ఎక్కువగా కనిపించింది. కారణం అదేనని తేలలేదు. అయినా లోపం లేకుండా మింగడం ఎందుకు?

ఫిజియోథెరపిస్ట్: ఒక్కమాట. కండకు పని చెప్పకపోతే ఎంత ప్రొటీన్ ఇచ్చినా దండగే. కుర్చీలోంచి లేచి కూర్చోవడం, రబ్బర్ బ్యాండ్ లాగడం చాలు. ప్లేట్‌లెట్లు పడిపోయినప్పుడు మాత్రం మీ టీమ్‌ని అడిగాకే.

యాంకర్: దీనికంటూ మందే లేదా?

ఆంకాలజిస్ట్: జపాన్‌లో 2021లో అనమోరెలిన్ అనే మందుకు అనుమతి వచ్చింది, కొన్ని రకాల క్యాన్సర్లకే. ఆకలి పెరుగుతుంది, బరువూ కొంత పెరుగుతుంది. చేతి పట్టు మాత్రం ట్రయల్స్‌లో పెరగలేదు. మందుల మాటెలా ఉన్నా, వచ్చే కీమోకి మీరు వాడే ప్రతి డబ్బా, ప్రతి సీసా సంచిలో వేసుకుని తెండి. లేబుళ్లు మేం చదువుతాం.