గుండెపోటు బాసుకి కాదు, బంట్రోతుకి!

హలో హలో, వచ్చేశారా, ఇవాళ నాకు కొంచెం మండుతోంది, ముందే చెప్తున్నా. పోయిన వీడియో కింద ఒకాయన "గుండెపోటు వచ్చిందంటే వాడి బద్ధకం, వాడి తిండి, వాడి సిగరెట్టు, చేసుకున్నోడికి చేసుకున్నంత" అని రాశాడు, దానికి పడ్డ లైకులు చూస్తే నాకే గుండె పట్టేసింది. దాని కిందే ఇంకో బ్యాచ్, "అది డబ్బున్నోళ్ళ రోగం అన్నా, పెద్ద పోస్టు పెద్ద టెన్షన్" అని. అయ్యా, టెన్షన్ బాసుదే, కానీ పోయేది బంట్రోతు. ఈ ముక్క ఇవాళ పదిసార్లు అంటా, విసుగొస్తే తిట్టుకోండి.

లండన్‌లో వైట్‌హాల్ అని ఉంటుంది, బ్రిటన్ గవర్నమెంట్ ఆఫీసులుండే చోటు. 1967లో మొదలెట్టి అక్కడ 17,000 మందికి పైగా మగ ఉద్యోగుల్ని, 40 నుంచి 64 ఏళ్ళ వాళ్ళని, టెస్టులు చేసి ఏళ్ళ తరబడి గమనించారు. ఇక్కడ ఒక్కటి పట్టుకోండి. అందరూ గవర్నమెంట్ ఉద్యోగులే, నెల తిరిగేసరికి జీతం, వైద్యం ఫ్రీ, ఒక్కడు కూడా పస్తులున్నోడు కాదు. ఏడున్నరేళ్ళ తర్వాత లెక్క తీస్తే, ఫైళ్ళు మోసే మెసెంజర్ల గ్రేడులో గుండె జబ్బుతో చావులు పైనున్న అడ్మినిస్ట్రేటర్ల కంటే 3.6 రెట్లు! ఇంకా దారుణం ఏంటంటే ఇది కింద ఒక్క మెట్టు కథ కాదు, మెట్టు మెట్టుకీ రిస్కు మారింది, పై నుంచి రెండో మెట్టు మీద సూటేసుకుని కూర్చున్నోడు కూడా మొదటి మెట్టోడి కంటే వెనకే.

"సిగరెట్లు అన్నా సిగరెట్లు" అంటారు, తెలుసు. కింది గ్రేడుల్లో సిగరెట్లు ఎక్కువే, కాదనట్లేదు. కానీ సిగరెట్టు, బీపీ, కొలెస్ట్రాల్ అన్నీ లెక్కలోంచి తీసేసినా ఆ తేడాలో సగానికి పైగా అలాగే నిలబడింది. జన్మలో సిగరెట్టు ముట్టనోళ్ళలో కూడా అదే వరస. ఎత్తు కూడా కొలిచారండోయ్, కింది గ్రేడువాళ్ళు సగటున పొట్టి. నవ్వకండి, చిన్నప్పుడు తిన్నది, తిననిది, పడ్డ జబ్బులు అన్నీ ఎత్తులో కనబడతాయి, అంటే ఈ లెక్క ఉద్యోగంలో చేరిన రోజు మొదలైంది కాదు, నిక్కర్లేసుకున్నప్పటిది. సరే, పక్కకి పోయా.

మరి ఆ మిగిలిన సగం ఏంటి? ఇక్కడ నా థియరీ. ఎదురు మాట్లాడలేకపోవడం. అంతే. 1985లో వైట్‌హాల్‌లోనే రెండో స్టడీ మొదలుపెట్టారు, ఈసారి ఆడవాళ్ళు కూడా, మొత్తం 10,000 మందికి పైగా. నీ పని ఎలా చెయ్యాలో, ఎంత స్పీడుగా చెయ్యాలో నీ చేతిలో ఉందా అని అడిగారు. లేదు అన్నవాళ్ళలో గుండె జబ్బు ఎక్కువ. పని ఎక్కువుందా అన్నది కాదు బాస్, పని మీద నీకు పట్టుందా అన్నది.

నాకు నిద్ర పట్టనివ్వని ముక్క ఇంకోటుంది. ఆ వైట్‌హాల్ ఉద్యోగులకే పట్టీ కట్టి బీపీ చూస్తే, ఆఫీసులో ఉన్నంతసేపు పై గ్రేడుకీ కింది గ్రేడుకీ పెద్ద తేడా లేదు. ఇంటికెళ్ళాక పెద్దాయనది బాగా దిగింది, కిందోడిది అంతగా దిగలేదు. అర్థమైందా? ఒకాయన గేటు దాటగానే ఆఫీసుని అక్కడే వదిలేశాడు, ఇంకొకడు మంచం దాకా మోసుకుపోయాడు, అద్దె, పిల్లల ఫీజు, రేపు పొద్దున సూపర్‌వైజర్ మొహం, అన్నీ ఆ దిగని బీపీలోనే ఉన్నాయి. మనవాళ్ళు పేదవాడి కోపం పెదవికి చేటు అన్నారు కదా, పెదవి దగ్గర ఆగితే బానే ఉండేది, మింగినది మింగినట్టు లోపలికి పోయి రక్తనాళాల మీద పడుతోంది.

నేను బల్ల గుద్దుతున్నా కదా అని ఇది నా సొంత కవిత్వం అనుకోకండి. 2014లో 17 దేశాల్లో లక్షన్నర మందిని చూసిన ప్యూర్ స్టడీ వచ్చింది. రిస్క్ ఫ్యాక్టర్లు, అంటే సిగరెట్టు, బీపీ, షుగరు లాంటివి, కలిపి మార్కులేస్తే డబ్బున్న దేశాల్లో ఎక్కువ, పేద దేశాల్లో తక్కువ. చావులు? తిరగబడ్డాయి! తప్పులు తక్కువ చేసినోడే ఎక్కువ పోయాడు. దీనికి నా థియరీ ఒక్కటే చాలదు, ఒప్పుకుంటా, అక్కడ మందు అందదు, ఆస్పత్రి అందదు. నైట్ షిఫ్టులో ఛాతీ పట్టేసినోడిని ఊహించుకోండి, చెమటలు పడుతున్నాయి, ఎడమ చెయ్యి లాగుతోంది, "గ్యాస్ అయ్యుంటుందిలే" అంటాడు, ఎందుకు, వెళ్ళిపోతే ఆ రోజు జీతం కట్. రక్తం అందని గుండె కండరం నిమిషం నిమిషానికీ చచ్చిపోతుంటే వాడు గడియారం చూస్తున్నాడు, షిఫ్టు ఎప్పుడవుతుందా అని. ఆయనెవరో బద్ధకం అన్నాడే, ఇదా బద్ధకం?

ఇప్పుడు అసలు మంట. పదేళ్ళలో గుండెపోటు వచ్చే ఛాన్స్ ఎంతో చెప్పే కాలిక్యులేటర్లు ఉంటాయి కదా. ఫ్రేమింగ్‌హామ్ స్కోరుని చూడండి, వయసు, ఆడా మగా, కొలెస్ట్రాల్, బీపీ, షుగరు, సిగరెట్టు అడుగుతుంది. నువ్వు ఏ మెట్టు మీదున్నావో అడగదు. స్కాట్లాండ్‌లో అసైన్ అని, ఇంగ్లండ్‌లో క్యూరిస్క్ అని ఉన్నాయి, అవి మీరుండే ఏరియా పేదదా కాదా కూడా లెక్కలో వేస్తాయి. అంటే చెయ్యొచ్చు, చేసి చూపించారు కూడా! అడగని స్కోరు కిందోడి రిస్కుని తక్కువ చేసి చూపిస్తుంది, తక్కువ చూపిస్తే మందు రాయరు, మందు రాయకపోతే ఏమవుతుందో నేను చెప్పాలా?

సరే, గొంతు పోయింది. సిగరెట్టు మానెయ్యండి, అది వేరే విషయం, నేను కాల్చమన్నానని క్లిప్ కట్ చేసి తిప్పకండి. కింద ఒక్క ముక్క రాయండి: మీరు పనిచేసే చోట బాత్రూమ్‌కి వెళ్ళాలంటే పర్మిషన్ అడగాలా, అక్కర్లేదా? చూద్దాం ఎంతమంది ఏ మెట్టు మీదున్నారో.