పాత స్విచ్‌కి కొత్త గేమ్ కొనే ముందు

[దృశ్యం: విజయనగరం, మూడు లాంతర్ల దగ్గర సాయంత్రం రద్దీ. తర్వాత ఇంట్లో, నింటెండో స్విచ్ పట్టుకున్న రెండు చేతులు.]

నమస్తే అండీ. మా మేనల్లుడు ఇంటర్ చదువుతున్నాడు. సిరిమాను చూడడానికి మా ఇంటికి వచ్చినప్పుడు వాడి సంచిలో ఈ స్విచ్ ఉంది. నింటెండో వాళ్ల గేమ్ మెషిన్ ఇది, చేతిలో పట్టుకుని ఆడొచ్చు, టీవీకి తగిలించీ ఆడొచ్చు. సెకండ్ హ్యాండ్‌ది. విశాఖలో ఎవరో కొత్త మెషిన్ కొనుక్కుని దీన్ని అమ్మేశారట. దాంతోపాటు వాడు ఒక కొత్త ఫైటింగ్ గేమ్ కూడా కొన్నాడు. నాలుగు వేల పైనే అయింది. ఏడాదిపాటు దాచుకున్న డబ్బు.

పది నిమిషాలు ఆడి నా చేతికిచ్చాడు. "మావయ్యా, ఏటిది? మెషిన్ పాడైపోయిందేటి?" అన్నాడు. చూస్తే మొహాలు మసకగా ఉన్నాయి. దెబ్బ కొట్టిన ప్రతిసారీ బొమ్మ ఒక్క క్షణం ఆగి కదులుతోంది. వాడి మొహం చూస్తే నాకు చాలా బాధేసింది.

మెషిన్ పాడవలేదు. అందులోనే నా దగ్గరున్న జెల్డా ఆట, 2017లో వచ్చిన బ్రెత్ ఆఫ్ ద వైల్డ్, పెట్టి చూపించాను. కొండలు, గడ్డి, వాన, అన్నీ హాయిగా నడిచాయి. మరి మెషిన్‌తో పాటే పుట్టిన ఆట అంత బాగుండి, మొన్న వచ్చిన ఆట ఇలా ఎందుకుంది? ఆ రాత్రి వాడికి చెప్పిందే ఇప్పుడు మీకూ చెబుతాను.

[దృశ్యం: స్విచ్ లోపలి బోర్డు బొమ్మ. చిప్ మీద గుండ్రటి గీత.]

స్విచ్ 2017 మార్చి 3న వచ్చింది. లోపలున్న చిప్ ఎన్విడియా వాళ్ల టెగ్రా ఎక్స్1. దాన్ని ప్రకటించింది 2015 జనవరిలో. అంటే పుట్టిన రోజుకే ఈ మెషిన్ గుండెకి రెండేళ్లు. ర్యామ్, అంటే ఆడేటప్పుడు వాడుకునే మెమరీ, 4 జీబీ. 2020లో వచ్చిన సోనీ వాళ్ల గేమ్ మెషిన్ ప్లేస్టేషన్ 5లో 16 జీబీ ఉంది. ఇంకో సంగతి. స్విచ్‌ని టీవీకి తగిలిస్తే గ్రాఫిక్స్ భాగం 768 మెగాహెర్ట్జ్ వేగంతో నడుస్తుంది. చేతిలో పట్టుకుంటే బ్యాటరీ మిగలడానికి, వేడెక్కకుండా ఉండడానికి ఆ వేగం 460కి, ఒక్కోసారి 307కి దిగిపోతుంది. టీవీలో పర్లేదనిపించిన ఆట చేతిలో నీరసంగా అనిపించడానికి ఇదొక కారణం.

[దృశ్యం: ఒకే ఆట రెండు వేగాల్లో, పక్కపక్కన.]

ఆట సెకనుకి 30 బొమ్మలు చూపించాలంటే ఒక్కో బొమ్మ గీయడానికి మెషిన్‌కి దొరికేది 33 మిల్లీసెకన్లు. ఆ లోపల వెలుతురు, నీడలు, శత్రువు ఎటు కదలాలి, మీరు ఏ బటన్ నొక్కారు, అన్నీ తేలిపోవాలి. తేలకపోతే పాత బొమ్మే తెర మీద నిలబడిపోతుంది. మనం ల్యాగ్ అంటున్నది దాన్నే. అలా ఆగకుండా ఉండాలని చాలా ఆటలు పని ఎక్కువైనప్పుడు పిక్సెళ్లు, అంటే బొమ్మలోని చుక్కలు, తగ్గించుకుంటాయి. ఆ మసక అక్కడిది.

ఇదంతా విన్నాక "చిప్ పాతది, అంతే కదా" అనుకుంటారు. అక్కడే ఆగితే అసలు విషయం తప్పిపోతాం. విచర్ 3 లాంటి భారీ ఆట 2019 అక్టోబర్‌లో ఇదే చిప్ మీదికి వచ్చింది. సేబర్ ఇంటరాక్టివ్ అనే స్టూడియో దాన్ని రెండు అదనపు కథలతో సహా 32 జీబీ కార్ట్రిడ్జ్‌లో, అంటే మెషిన్‌లో పెట్టే చిన్న కార్డులో, పట్టించింది. బొమ్మ నునుపు తగ్గింది నిజమే, కానీ మొదటి నుంచి చివరిదాకా ఆడుకోగలిగేలా ఉంది. ఎక్కడ ఏది తగ్గించాలో కూర్చుని, ఒక్కొక్కటీ ఆలోచించి చేశారు కాబట్టి.

మంచి ముహూర్తాల రోజున మన వైపు ఏమవుతుందో గుర్తు తెచ్చుకోండి. ఒకే వంటమేస్త్రికి రెండు పెళ్లిళ్లు పడతాయి. ఆయన పెద్ద పెళ్లికి వెళతాడు, రెండో చోటికి కుర్రాళ్లని పంపిస్తాడు. అదే గాడిపొయ్యి, అవే గుండిగలు, అదే సరుకు. పులుసు మాత్రం ఆ పులుసులా ఉండదు. కొత్త మెషిన్ వస్తోందంటే స్టూడియోల్లో జరిగేదీ ఇదే. చేయి తిరిగినవాళ్లు విడుదలకి ముందు నుంచే కొత్తదాని మీద పనికి కూర్చుంటారు. పాతదాని ఆటలు చిన్న జట్టుకో, బయటి స్టూడియోకో వెళతాయి. పైగా ఆ ఆటని మొదట ప్లేస్టేషన్ 5 కోసం తయారుచేసి, ఆఖర్న కోసి, కుదించి ఇందులో పెడతారు. మా వాడు కొన్నది అలాంటిదే.

[దృశ్యం: క్యాలెండర్ పేజీలు తిరుగుతూ 2022 దగ్గర ఆగుతాయి.]

టైమ్ సంగతి ఇంకా ముఖ్యం. గేమ్ ఫ్రీక్ స్టూడియో 2022లో రెండు పెద్ద పోకెమాన్ ఆటలు విడుదల చేసింది. జనవరిలో లెజెండ్స్ ఆర్సియస్, నవంబర్ 18న స్కార్లెట్, వయొలెట్. ఈ రెండోది ఎంత తడబడిందంటే, రెండు వారాలు తిరక్కుండానే అప్‌డేట్ ఇస్తూ నింటెండో క్షమాపణ చెప్పింది. అయినా మొదటి మూడు రోజుల్లోనే కోటి కాపీలు అమ్ముడయ్యాయి. అంత అమ్ముడుపోయాక ఇంకో ఆరు నెలలు ఆగి బాగు చేద్దామని ఎవరికి తొందర ఉంటుంది చెప్పండి?

ఇప్పుడు దీని పక్కన బ్రెత్ ఆఫ్ ద వైల్డ్ తర్వాతి జెల్డా, టియర్స్ ఆఫ్ ద కింగ్‌డమ్ పెట్టండి. 2023 మే 12న వచ్చింది. అదే చిప్, అదే 4 జీబీ. చెక్కలు, చక్రాలు అతికించి మీకు నచ్చిన బండి చేసుకుంటే అది నిజం బండిలాగే దొర్లుతుంది, ఒరుగుతుంది, నీటి మీద తేలుతుంది. ఆట దాదాపు పూర్తయ్యాక కూడా మెరుగులు దిద్దడానికే ఇంకో ఏడాది తీసుకున్నామని నిర్మాత ఎయిజి ఆవొనుమా చెప్పారు. ఆ ఏడాది విలువ ఆడుతుంటే చేతికి తెలుస్తుంది. నాకు ఈ మెషిన్ మీద ఇంత ప్రేమ ఉండడానికి ఆ ఆటే కారణం.

ఇది కొత్త కథేమీ కాదు. నింటెండో వాళ్ల పాత చేతి మెషిన్ గేమ్‌బాయ్ 1989లో వచ్చింది. మొదటి పోకెమాన్ దాని మీదికి 1996లో, ఏడేళ్ల తర్వాత వచ్చింది. వాళ్లదే ఇంకో చేతి మెషిన్ డీఎస్. దాని తర్వాతి 3డీఎస్ 2011లో వచ్చేశాక కూడా పోకెమాన్ బ్లాక్ 2, వైట్ 2 పాత డీఎస్ మీదే వచ్చాయి, 2012లో. ముసలి మెషిన్ మీద మనసు పెట్టి చేసినవాళ్లు ఎప్పుడూ ఉన్నారు.

[దృశ్యం: విజయనగరం రైల్వే స్టేషన్. బ్యాగులతో దిగుతున్న జనం.]

స్విచ్ 2 వచ్చింది 2025 జూన్ 5న. ర్యామ్ 12 జీబీ, లోపల స్టోరేజ్ 256 జీబీ, తెర 1080పీ. పెద్ద ఊళ్లలో వాళ్లు అటు మారిపోతున్నారు, వాళ్ల పాత మెషిన్లు మన దాకా వస్తున్నాయి. విజయనగరంలో, శ్రీకాకుళంలో చాలామంది పిల్లలకి ఇదే మొదటి స్విచ్. మెషిన్ ఆఖరి రోజులు మనకి మొదటి రోజులు. అందుకే ఈ నీరసపు ఆటల దెబ్బ మన పిల్లలకే ఎక్కువ తగులుతుంది. పూర్తి రేటు ఇచ్చి, మిగిలిపోయిన శ్రద్ధతో చేసిన ఆట కొంటారు.

అందుకని కొత్తవాటి వైపు కాకుండా వెనక్కి వెళ్లండి. మీరు ఆడనిది ఎప్పుడు వచ్చినా మీకు కొత్తే. రెండు జెల్డాలు, 2017లో వచ్చిన మారియో ఒడిస్సీ, 2021లో వచ్చిన మెట్రాయిడ్ డ్రెడ్, వీటితోనే ఏడాది గడిచిపోతుంది. కొత్తది కొనాలనే ఉంటే, అది మొదట ఏ మెషిన్ కోసం మొదలైందో చూడండి. మెట్రాయిడ్ ప్రైమ్ 4 రెండు మెషిన్లకీ 2025 డిసెంబర్‌లో వచ్చింది, కానీ దాన్ని ప్రకటించింది 2017లో, స్విచ్ కోసం. పాతదాని మీద కూడా సెకనుకి 60 బొమ్మలతో నడుస్తుంది. ట్రైలర్ నమ్మకండి. పాత స్విచ్‌ని చేతిలో పట్టుకుని ఆడిన వీడియో వెతికి, జనం ఎక్కువున్న సీను దగ్గర ఆపి చూడండి. డెమో ఉంటే ముందు అది ఆడండి. బాక్స్ మీద డౌన్‌లోడ్ తప్పనిసరి అని ఉంటే ఆట మొత్తం కార్ట్రిడ్జ్‌లో లేదని అర్థం.

వీలైతే కార్ట్రిడ్జే కొనండి. స్విచ్ ఆటలు దాదాపు అన్నీ స్విచ్ 2లోనూ నడుస్తాయి. ఇందాక చెప్పిన స్కార్లెట్, వయొలెట్ కూడా ఉచిత అప్‌డేట్‌తో అందులో 60 బొమ్మల దగ్గర సాఫీగా నడుస్తున్నాయి. రేపు ఆ మెషిన్ కూడా సెకండ్ హ్యాండ్‌లో మన ఊరు వస్తుంది. మా వాడు ఆ ఫైటింగ్ గేమ్ సగం రేటుకి అమ్మేసి, ఆ డబ్బుతో పాత జెల్డా కార్ట్రిడ్జ్ సొంతానికి కొనుక్కున్నాడు. నా జెల్డా నాకు తిరిగిచ్చేశాడు.