నాక్ అవుట్ గులాబీ రివ్యూ: మందు కొట్టకుండా నిజంగా పెరుగుతుందా?

అందరికీ నమస్కారం! డాలస్ చుట్టుపక్కల ఏ వీధికి వెళ్లినా ఈ ఎర్ర గులాబీ పొదలే కనిపిస్తాయి. పేరు నాక్ అవుట్. "అక్కా, దీనికి తెగుళ్లే రావట కదా?" అని తెలిసినవాళ్లంతా అడుగుతున్నారు. నల్లమచ్చ తెగులు వరకైతే నిజమే. ఇదిగో, కింది ఆకులు చూడండి, ఒక్క మచ్చ లేదు. మందు అసలు కొట్టలేదు.

దీన్ని తయారుచేసింది విస్కాన్సిన్‌కు చెందిన విలియం రాడ్లర్. నల్లమచ్చ పట్టిన ఆకుల్ని ఎండబెట్టి, పొడి చేసి, కావాలనే మొలకల మీద చల్లేవారట! తట్టుకున్న మొక్కల్నే ఉంచుకున్నారు. 2000లో మార్కెట్లోకి వచ్చింది.

నాటడం సులువే. రోజుకు కనీసం 6 గంటల ఎండ తగలాలి. లేబుల్ మీద 3, 4 అడుగులు అని ఉన్నా, మన టెక్సస్‌లో ఇంకా గుబురుగా పెరుగుతుంది, కాబట్టి ఇరికించి నాటకండి. ఇక్కడిది నల్లరేగడి, నీరు నిలిస్తే వేరు కుళ్లుతుంది. కంపోస్టు, ఎక్స్‌పాండెడ్ షేల్ (కాల్చి ఉబ్బించిన రాతి ముక్కలు) కలిపి మడి కాస్త ఎత్తు చేయండి. నీళ్లు మొక్క మొదలు దగ్గరే పోయండి, ఆకుల మీద కాదు. వాలెంటైన్స్ డే దగ్గర్లో మోకాలెత్తుకు కత్తిరిస్తే చాలు. వాడిన పూలు తుంచే పని కూడా లేదు.

ఇప్పుడు అమ్మేవాళ్లు చెప్పని సంగతి. రోజ్ రోజెట్ అనే వైరస్ తెగులును ఇది అస్సలు తట్టుకోదు. కంటికి కనపడనంత చిన్న నల్లి దాన్ని మోసుకొస్తుంది. ఆ నల్లికి రెక్కల్లేవు, గాలే తీసుకొస్తుంది. వరసగా ఇవే నాటిన చోట ఒకదాన్నుంచి ఒకదానికి పాకుతుంది. ఈ ఊళ్లో అలా పోయిన కంచెలు ఎన్నో! అందుకే నేనైతే వరసగా నాటను, మధ్యలో వేరే మొక్కలు పెడతాను. రాలిన ఆకుల్ని గాలితో ఊదే లీఫ్ బ్లోయర్‌ను కూడా వీటి దగ్గరికి రానివ్వను.

లేత చిగుళ్లు ఎర్రగా ఉన్నాయని కంగారు పడకండి, దీని చిగురు రంగే అది. చీపురుకట్టలా కొమ్మలు గుబురుకట్టి, వాటి నిండా మెత్తటి ముళ్లు లెక్కకు మించి వచ్చి, మొగ్గలు వంకర్లు తిరిగితే మాత్రం అదే రోజెట్. మందు లేదు. వేళ్లతో సహా పీకి, కవర్లో కట్టి చెత్తలో వేయండి. కంపోస్టులో వద్దు.

ఇంకొకటి, వాసన. దాదాపు లేనట్టే! రేకులు తక్కువ, త్వరగా రాలిపోతాయి, జడలో పెట్టుకుంటే నిలవదు. ఇంటి ముందు రంగు కోసమైతే కొనండి. పూజకు, వాసనకు కావాలంటే బెలిండాస్ డ్రీమ్ చూడండి. టెక్సస్ ఏ అండ్ ఎమ్ యూనివర్సిటీలో లెక్కల ప్రొఫెసర్ రాబర్ట్ బేసీ తయారుచేసిన గులాబీ రంగు ముద్దపువ్వు అది. రోజెట్ భయం దానికీ ఉంది, కానీ మంచి సువాసన ఉంటుంది.